పంటు రేవులో ఆగితే ఏసీ ఆగిపోతోందా? కంప్రెసర్ మార్చే ముందు కరెంటు సంగతి చూడండి

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదండి. మలికిపురం నుంచి భీమవరం ఉద్యోగానికి సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లని గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి వెళ్తారు. ఎనిమిదేళ్ల పాత చిన్న పెట్రోలు కారు, చేత్తో తిప్పే నాబ్‌లున్న మామూలు ఏసీ. రోడ్డు మీద పరిగెడుతున్నంతసేపూ చల్లగానే ఉంటుంది. రేవులో పంటు కోసం ఇంజను ఆపకుండా కూర్చుంటే పది నిమిషాల్లో వేడిగాలి మొదలవుతుంది. నరసాపురంలో దిగి కాస్త దూరం పోయాక మళ్లీ దానంతటదే చల్లబడుతుంది. ఏడాదిలో రెండుసార్లు గ్యాస్ పట్టించారు. పట్టించిన రోజు బ్రహ్మాండం, వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. ఇప్పుడేమో కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) పోయింది, మార్చాల్సిందే అంటున్నారు.

మార్చకండి. ఇప్పుడప్పుడే మాత్రం మార్చకండి. అరిగిపోయిన కంప్రెసర్ కూడా ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజను ఊరికే నడుస్తున్నప్పుడు, నీరసపడుతుంది, కాదనను. కానీ అది బండి ఆగిన మరుక్షణం నుంచే నీరసపడుతుంది. నిలబడి ఉండగానే కాస్త రేజ్ చేస్తే మళ్లీ చల్లదనం వస్తుంది. మీది పది నిమిషాలు శుభ్రంగా పనిచేసి ఆ తర్వాత ఆగుతోంది. ఆ పది నిమిషాల్లోనే అసలు విషయం ఉంది. మీ కంప్రెసర్ ఆగిపోవడం లేదు, ఎవరో దాన్ని ఆపుతున్నారు. ఆపుతున్నది ఎవరో తేలాలంటే ఏసీ కరెంటు దారి ఎలా నడుస్తుందో తెలియాలి.

నేను పాలకొల్లులో ఇరవై ఏడేళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు నడుపుతున్నాను. మొదటి పదేళ్లు నేనూ ఏసీ అనగానే గ్యాస్ సిలిండరు వైపే చూసేవాణ్ణి. అందుకని మీ మెకానిక్‌ని తప్పు పట్టను.

డాష్‌బోర్డు మీద ఏసీ బటన్ నొక్కితే ఏసీ ఆన్ అయిపోతుందని అందరం అనుకుంటాం. ఆ బటన్ చేసేది అర్జీ పెట్టడం మాత్రమే. ఆ అర్జీ నలుగురైదుగురి సంతకాలు తెచ్చుకుంటే గానీ కంప్రెసర్ కదలదు. మొదటి సంతకం బ్లోయర్ (కారు లోపలికి గాలి తోసే ఫ్యాను) స్విచ్‌ది. బ్లోయర్ సున్నాలో ఉంటే ఏసీ బటన్ మీద దీపం వెలిగినా, వెలగకపోయినా కంప్రెసర్‌కి కరెంటు పోదు. లోపల గాలి ఆడకుండా కూలింగ్ కాయిల్‌ని చల్లబరిస్తే అది ఐస్ గడ్డ అయిపోతుంది కాబట్టి కంపెనీ వాళ్లు అలా కట్టారు. బ్లోయర్ ఒకటి, రెండు, మూడు స్పీడుల్లో తిరక్కుండా నాలుగులో మాత్రమే తిరుగుతోందంటే మోటారు పోలేదు, స్పీడు తగ్గించే రెసిస్టర్ పోయిందని అర్థం. చిన్న ముక్క, గ్లవ్ బాక్స్ వెనకాల ఎక్కడో ఉంటుంది. మీ కేసుతో దానికి సంబంధం లేదు గానీ, దాని కోసం మోటారు మార్పించుకున్న వాళ్లని చూశాను కాబట్టి చెప్తున్నాను.

రెండో సంతకం కూలింగ్ కాయిల్‌కి గుచ్చి ఉండే సన్నటి సెన్సర్‌ది. కాయిల్ సున్నా డిగ్రీల దగ్గరికి వస్తుంటే అది కంప్రెసర్‌ని కట్ చేయిస్తుంది, మూడు నాలుగు డిగ్రీలు పెరిగాక మళ్లీ కలపనిస్తుంది. బండి బాగుంటే మీకు అప్పుడప్పుడూ వినపడే టక్కు శబ్దంలో సగం దీని చలవే. ఇది చెడితే లాంగ్ డ్రైవ్‌లో గంట గడిచాక గాలి సన్నబడిపోతుంది, బండి ఆపాక కింద నీళ్లు మడుగు కడతాయి. మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఐస్ కూడా తొందరగా పేరుకుంటుంది. మీకు గాలి ధాటిగానే వస్తోంది, వేడిగా వస్తోందంతే. అంచేత దీన్నీ పక్కన పెట్టవచ్చు.

మూడోది ప్రెషర్ స్విచ్. మీ కథలో అసలు పాత్ర ఇదే, దీని దగ్గరికి మళ్లీ వస్తాను. నాలుగోది ఇంజను కంప్యూటర్. ఇంజను వేడి హద్దు దాటినా, మీరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఓవర్‌టేక్ చేస్తున్నా, బ్యాటరీ వోల్టేజీ బాగా పడిపోయినా అది కాసేపు ఏసీని ఆపేస్తుంది. ఏసీ కలిపే ముందు ఇంజను ఆగిపోకుండా ఐడిల్ పెంచేది కూడా అదే. రేవులో ఏసీ ఆగినప్పుడు మీ టెంపరేచర్ ముల్లు ఎక్కడుందో మీరు రాయలేదు. ఈసారి చూడండి, మధ్య గీత దాటి పైకి పోతుంటే ముందు రేడియేటర్ సంగతి తేల్చుకోవాలి, ఏసీ తర్వాత.

ఇన్ని సంతకాలూ అయ్యాక అర్జీ రిలే దగ్గరికొస్తుంది. రిలే అంటే మన కాలవల మీద లాకు దగ్గరుండే లస్కరు లాంటివాడు. ఆఫీసరు వచ్చి తలుపు ఎత్తడు, కబురు పంపుతాడు. ఎత్తేది లస్కరు. అలాగే కంప్యూటర్ నుంచి వచ్చే కబురు ఆంపియర్‌లో ఆరో వంతో ఏడో వంతో ఉంటుంది, దానితో రిలే లోపలి చిన్న అయస్కాంతం లేచి బ్యాటరీ నుంచి అసలు కరెంటుని కంప్రెసర్ ముందుండే క్లచ్‌కి (గేర్ల క్లచ్ కాదు) వదులుతుంది. రిలే కాళ్ల మీద 85, 86 అని ఉన్నవి కబురు వైపు. 30 బ్యాటరీ నుంచి వచ్చేది, 87 క్లచ్‌కి పోయేది. చాలా బళ్లలో హారన్ రిలే కూడా అదే రకం ఉంటుంది. రెండింటి మీదా నంబరు ఒకటే అయితే అటూ ఇటూ మార్చి చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష అది.

రిలే నుంచి కరెంటు పోయేది మాగ్నెటిక్ క్లచ్‌కి. కంప్రెసర్ పుల్లీ ఇంజను తిరుగుతున్నంతసేపూ బెల్టుతో ఊరికే తిరుగుతూనే ఉంటుంది. దాని ముందున్న ప్లేటు మాత్రం కదలదు. లోపలి కాయిల్‌కి 12 వోల్టులు అందగానే అయస్కాంతమై ప్లేటుని టక్కున లాక్కుంటుంది, అప్పుడు కంప్రెసర్ తిరుగుతుంది. ఈ ఏర్పాటు లేని రోజుల్లో ఏం చేసేవారో తెలుసా? అమెరికాలో ప్యాకార్డ్ వాళ్లు 1940 మోడల్ కార్లకి మొదటిసారి ఫ్యాక్టరీలోనే ఏసీ పెట్టారు. దానికి క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే బండి ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి.

క్లచ్ కాయిల్ మామూలుగా 3 నుంచి 4 ఓమ్‌లు చూపిస్తుంది, 3 నుంచి 4 ఆంపియర్లు లాగుతుంది. ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు అర మిల్లీమీటరుకి అటూ ఇటూగా ఉండాలి. ఏళ్లు గడిచేకొద్దీ ప్లేటు అరిగి సందు పెరుగుతుంది. రాగి తీగ వేడెక్కితే నిరోధం పెరుగుతుందని బళ్లో చదువుకున్నాం కదా, డిగ్రీకి సుమారు 0.4 శాతం. పొద్దున్న 25 డిగ్రీలున్న కాయిల్ మిట్టమధ్యాహ్నం ఇంజను వేడికి 105 అయితే నిరోధం ముప్పై శాతం పెరిగినట్టే. కరెంటు తగ్గుతుంది, లాగే బలం తగ్గుతుంది, పెరిగిన సందుని దాటి ప్లేటుని లాక్కోలేదు. అందుకే కొన్ని బళ్లలో ఏసీ పొద్దున్న పనిచేసి మధ్యాహ్నం మొరాయిస్తుంది. ప్లేటు వెనకాల షిమ్ అనే పల్చటి వాషర్లుంటాయి, ఒకటి తీసేస్తే సందు తగ్గి మళ్లీ పట్టుకుంటుంది. పది రూపాయల ఖర్చు కూడా లేని ఈ పనికి కంప్రెసర్ మార్చేసిన బిల్లులు నా కళ్లతో చూశాను. మీ బండికి ఇది కూడా కారణం కావచ్చు. ప్రెషర్ కారణమా, ఇదా అని తేల్చే పద్ధతి కింద చెప్తాను.

ఇప్పుడు ప్రెషర్ స్విచ్ సంగతి. ఇది కండెన్సర్ (గ్రిల్ వెనకాల గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) దగ్గర, హై ప్రెషర్ పైపు మీద ఉంటుంది. అంకెలు బండిని బట్టి మారతాయి గానీ, సుమారుగా 2 బార్‌ల కన్నా తగ్గితే గ్యాస్ లేదని ఆపేస్తుంది, 30 బార్‌లు దాటుతుంటే పైపులు పగలకుండా ఆపేస్తుంది. మధ్యలో 15 బార్‌ల దగ్గర ఇంకో పని చేస్తుంది, కండెన్సర్‌కి గాలి ఆడించే ముందు ఫ్యాను స్పీడు పెంచమంటుంది. కొత్త బళ్లలో స్విచ్ బదులు సెన్సర్ ఉంటుంది, లెక్క చూసుకునేది కంప్యూటర్.

కారు లోపలి వేడిని గ్యాస్ మోసుకొచ్చి కండెన్సర్‌లో గాలికి అప్పజెప్పాలి. బండి అరవైలో పోతుంటే గ్రిల్ లోంచి ఎదురుగాలి కొడుతుంది, ఫ్యాను చచ్చినా పని జరిగిపోతుంది. రేవులో ఆగితే గాలి ఎక్కడిది? ఫ్యానే దిక్కు. అది తిరక్కపోయినా, నీరసంగా తిరిగినా కండెన్సర్‌లో వేడి పేరుకుంటుంది, ప్రెషర్ మెల్లగా ఎక్కుతుంది, ఓ పది నిమిషాలకి హద్దు దాటుతుంది. స్విచ్ సంతకం వెనక్కి తీసుకుంటుంది, రిలే వదిలేస్తుంది, ప్లేటు ఆగిపోతుంది, మీకు వేడిగాలి. నరసాపురం దాటి బండి స్పీడందుకోగానే ఎదురుగాలికి ప్రెషర్ దిగుతుంది, సంతకం మళ్లీ పడుతుంది. మీరు రాసిన ప్రతి మాటా దీనికి సరిపోతోంది.

మరి గ్యాస్ పట్టించినప్పుడల్లా ఎందుకు బాగయింది? ఇక్కడే తమాషా ఉంది. గ్యాస్ పట్టేటప్పుడు షెడ్డులో కారు ముందు పెద్ద పెడెస్టల్ ఫ్యాను పెడతాం. మీ బండి ఫ్యాను చేయాల్సిన పని అది చేసేస్తుంది, లోపల డాష్‌బోర్డు దగ్గర చల్లటి గాలి వస్తుంటే మీరూ సంతోషం, మేమూ సంతోషం. ఆ రోజు సాయంత్రమో, మబ్బు పట్టిన రోజో అయితే ఇంకో నాలుగు రోజులు గడుస్తాయి. పైగా ఉన్న గ్యాస్ తీయకుండా మీదే పోస్తే అది ఎక్కువైపోతుంది, ఎక్కువైన గ్యాస్ ప్రెషర్‌ని ఇంకా తొందరగా హద్దుకి చేరుస్తుంది. మొదట్లో పావుగంటకి ఆగేది ఇప్పుడు పది నిమిషాలకే ఆగుతోందా? ఆలోచించి చూడండి.

ఇంకో మాట. ఇంజను ఆపి గేజీ పెడితే వచ్చే ప్రెషర్ చూసి గ్యాస్ నిండుగా ఉందనో, తక్కువుందనో చెప్పేవాళ్లని నమ్మకండి. మీ బండిలో ఉండే ఆర్134ఏ గ్యాస్ లోపల కాస్త ద్రవం మిగిలి ఉంటే చాలు, 30 డిగ్రీల్లో సుమారు 97 పీఎస్ఐ (బార్‌లలో 6.7) చూపిస్తుంది. వంద గ్రాములున్నా అంతే, నాలుగొందల గ్రాములున్నా అంతే. గ్యాస్ ఉందా లేదా అని మాత్రమే అది చెప్తుంది. ఎంత ఉందో తెలియాలంటే మొత్తం తీసి, అరగంట వ్యాక్యూమ్ పెట్టి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉన్నన్ని గ్రాములు కాటాలో తూచి పట్టాలి.

ఫ్యాను ఎందుకు పోతుందంటే, మన వైపు ముఖ్యమైన శత్రువు ఉప్పు. అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి ఒకటి. రొయ్యల లారీల నుంచి ఐసు నీళ్లు రోడ్డంతా కారుతుంటాయి కదా, ఆ ఉప్పునీళ్లు ముందు బండి చక్రాలు చిమ్మితే నేరుగా వచ్చి పడేది మీ గ్రిల్ లోకి, అంటే ఫ్యాను కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) మీదకి. ఆరు నెలల్లో లోపలి పిన్నులకి పచ్చటి చిలుము పడుతుంది. ఫ్యాను 15 ఆంపియర్లు లాగుతోందనుకోండి, ఆ చిలుము అడ్డు ఒక ఓమ్‌లో పదో వంతు ఉన్నా చాలు, ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది. ఫ్యాను తిరుగుతుంది, కానీ తిరగాల్సినంత తిరగదు. చాలామంది మెకానిక్‌లు దొరికిపోయేది ఇక్కడే. బానెట్ ఎత్తి చూస్తారు, తిరుగుతోంది కదా అంటారు, బానెట్ దించుతారు.

నాలుగేళ్ల కిందట నాకే ఇది జరిగింది. లంక ఊరి నుంచి వచ్చిన డీజిల్ కారు. పగలు ఏసీ బాగానే ఉంటుంది, రాత్రి హెడ్‌లైట్లు వేస్తే కాసేపటికి ఆగిపోతుంది. రిలే మార్చాను, ప్రెషర్ స్విచ్ మార్చాను, కస్టమరు ముఖం రెండోరోజుకి ఎర్రబడింది. చివరికి మా కుర్రాడు మీటరు ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, రెండో కొన ఫ్యాను ఎర్త్ వైరు (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగొచ్చే దారి) మీద పెట్టాడు. సున్నాకి దగ్గరగా ఉండాల్సిన చోట ఒకటికి పైగా వోల్టు చూపించింది. బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు వరదనీళ్లలో నాని కింద తుప్పు పట్టింది. లైట్లూ ఫ్యానూ ఒకే బోల్టు మీద ఉన్నాయి. లైట్లు వేసేసరికి ఫ్యానుకి ఊపిరాడలేదు. బోల్టు విప్పి, గీకి, బిగించాం. డబ్బులు తీసుకోవడానికి నాకే మొహం చెల్లలేదు. అప్పటి నుంచి ఏ ఏసీ బండి వచ్చినా ముందు ఎర్త్ చూడటం అలవాటైంది. ఇంజను నడుస్తుండగా, ఫ్యాను తిరుగుతుండగా ఆ రీడింగు 0.2 వోల్టు లోపు ఉండాలి. అర వోల్టు దాటితే అక్కడ పనుంది.

సరే, మీరు చేయాల్సింది. ఈసారి రేవులో ఏసీ ఆగగానే ఇంజను ఆపకండి. హ్యాండ్‌బ్రేక్ లాగి, న్యూట్రల్‌లో ఉంచి బానెట్ ఎత్తండి. మెడలో కండువా గానీ వేలాడే ఐడీ కార్డు గానీ ఉంటే ముందు తీసేయండి. ఫ్యాను ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేం, కొన్ని బళ్లలో తాళం తీశాక కూడా తిరుగుతుంది. చేతులు దూరంగా ఉంచి చూడండి, ఫ్యాను తిరుగుతోందా, ఎంత ధాటిగా తిరుగుతోంది, కంప్రెసర్ ముందు ప్లేటు తిరుగుతోందా ఆగి ఉందా. తర్వాత రెండు సీసాల నీళ్లు గ్రిల్ లోంచి కండెన్సర్ మీద మాత్రమే మెల్లగా పోయండి, బెల్టు వైపు పడనివ్వకండి. ఒకటి రెండు నిమిషాల్లో టక్కుమని ప్లేటు పట్టుకుని చల్లగాలి వస్తే ఇక సందేహం లేదు, కారణం ప్రెషరే. ఫ్యాను, దాని రిలే, దాని కప్లర్, ఎర్త్, లేదా ఎక్కువైన గ్యాస్. కండెన్సర్ రెక్కల్లో పురుగులూ దుమ్మూ పట్టి ఉన్నా ఇదే జరుగుతుంది. వరికోతల రోజుల్లో ఊక దుమ్ము కూడా దట్టంగా పడుతుంది.

నీళ్లకి లొంగకపోతే మీటరున్న వాళ్లెవరినైనా పిలిచి, ప్లేటు ఆగి ఉన్న సమయంలోనే క్లచ్ వైరు దగ్గర వోల్టేజీ చూడమనండి. 12కి పైగా ఉండి కూడా ప్లేటు కదలకపోతే పైన చెప్పిన సందు జబ్బు. అసలు వోల్టేజీయే లేకపోతే సంతకాల్లో ఎవరో ఆపుతున్నారు, వెనక్కి ఒక్కొక్కరినీ అడుగుతూ పోవాలి. కర్ర పెట్టి ప్లేటుని తడితే పట్టుకుంటుందని కొందరు చూపిస్తారు. తిరిగే బెల్టు దగ్గర ఆ సాహసం మీరు చేయకండి. పాత బల్బు టెస్ట్ ల్యాంపుతో కంప్యూటర్‌కి పోయే వైర్లు గుచ్చనివ్వకండి, అది లాగే కరెంటుకి లోపలి సర్క్యూట్ పోవచ్చు. మీటరే వాడమనండి.

చిలుము కనిపిస్తే బ్యాటరీ మైనస్ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక సిలికాన్ గ్రీజు పల్చగా పూసి కప్లర్ పెట్టాలి. గరుకు కాగితంతో రుద్దకండి. పిన్ను మీది పూత పోయి రెండు నెలల్లో ఇంకా ఎక్కువగా వస్తుంది.

ఒక్కటి మాత్రం ఎవరెంత చెప్పినా ఒప్పుకోకండి. ప్రెషర్ స్విచ్ వైర్లు రెండూ కలిపేసి డైరెక్ట్ ఇచ్చేయడం. ఆరోజుకి ఏసీ పనిచేస్తుంది. కానీ కంప్రెసర్‌కి కావలసిన ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది. గ్యాస్ లీకై తగ్గిపోయినా ఆపేవాడు లేకపోతే ఆయిల్ అందక కంప్రెసర్ పట్టేస్తుంది, ఆ లోహపు రజను కండెన్సర్ దాకా పాకుతుంది. అప్పుడు నిజంగానే మొత్తం మార్చాలి. అలా డైరెక్ట్ చేసిన బళ్లు ఏడాదికి రెండు మూడైనా మా షెడ్డుకి లారీ మీద వస్తాయి.

ఇది చదివే మిగతావాళ్లకి కూడా ఒక మాట. కొన్ని కొత్త బళ్లలో క్లచ్చే ఉండదు. కంప్రెసర్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, లోపలి వాల్వ్‌కి కంప్యూటర్ కరెంటుని తునకలు తునకలుగా పంపి ఎంత గ్యాస్ తోయాలో చెప్తుంది. వాటిలో టక్కు శబ్దం కోసం చెవి పెట్టి లాభం లేదు, స్కానర్ పెట్టాల్సిందే. ఎలక్ట్రిక్ కార్లయితే కంప్రెసర్‌కి వందల వోల్టులు పోతాయి. నారింజ రంగు వైర్లు కనిపిస్తే చేతులు వెనక్కి పెట్టుకోండి, అది నేర్చుకున్న వాళ్ల పని.

మళ్లీ మీ బండికి వస్తే, ఫ్యాను సరిచేయించాక పాత గ్యాస్ మొత్తం తీయించి తూచి పట్టించండి, ఆ రెండూ ఈ వరసలోనే జరగాలి. ముందు గ్యాస్, తర్వాత ఫ్యాను అంటే మూడోసారి కూడా డబ్బులు గోదాట్లో పోసినట్టే. రేవులో చూసింది చూసినట్టు ఇక్కడ రాయండి: ప్లేటు ఆగిందా, ఫ్యాను ఎలా తిరిగింది, నీళ్లు పోస్తే ఏమయింది, టెంపరేచర్ ముల్లు ఎక్కడుంది. రాత్రి షెడ్డు కట్టాక చూసి చెప్తాను.